మన గుడికి ఈవో ఎవరు?

గుంటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన మొన్న ప్రసాదాల బల్ల దగ్గర ఆగి, "ఈ గుడికి ఈవో ఎవరు బాబూ?" అని అడిగారు. ఎవరూ లేరండీ, మెంబర్లు ఎన్నుకున్న కమిటీయే చూసుకుంటుంది అన్నాను. "మరి గవర్నమెంటు?" అన్నారు. పులిహోర లైను కదులుతోంది, అప్పుడు చెప్పలేకపోయాను.

ఆయన అడగడం సహజమే. ఆంధ్రలో 1987 నాటి దేవాదాయ చట్టం కింద ఆదాయం బాగా ఉన్న గుళ్ళకి ప్రభుత్వమే ఈవోని వేస్తుంది. సింగపూర్‌లో శ్రీనివాస పెరుమాళ్ గుడితో కలిపి నాలుగు ఆలయాలను చట్టం ద్వారా ఏర్పడిన హిందూ ఎండోమెంట్స్ బోర్డు నడుపుతుంది. జర్మనీలోనైతే చర్చి సభ్యుల ఆదాయపు పన్ను మీద మరో 8, 9 శాతం చర్చి పన్నుగా ప్రభుత్వమే వసూలు చేసి చర్చిలకి అందిస్తుంది!

అమెరికాలో ఇవేవీ లేవు. ప్రభుత్వం ఏ మతాన్నీ అధికార మతం చేయకూడదు, ఎవరి ఆచరణనీ అడ్డుకోకూడదు అని 1791లో రాజ్యాంగానికి చేసిన మొదటి సవరణ చెబుతుంది. అయితే గవర్నమెంటు మన గుమ్మంలోకి రాదనుకోకండి. జోనింగ్ రూపంలో వస్తుంది. గోపురం ఎత్తు, పార్కింగ్, ట్రాఫిక్ అన్నిటికీ ఊరి అనుమతి కావాలి. "ట్రాఫిక్" అన్న మాట వెనక ఒక్కోసారి వేరే అయిష్టం కూడా ఉంటుంది. అందుకే 2000లో కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. దాన్ని పొట్టిగా ఆర్లూపా అంటారు. (అందులో సగం ఖైదీల మతాచరణ గురించి, అది మనకి అక్కర్లేదు.) క్లబ్బు హాలుకి అనుమతి ఉన్నచోట గుడికి అంతకన్నా కఠినమైన షరతులు పెట్టకూడదు. ఊరి నిబంధన మన ఆచరణకి పెద్ద భారమని మనం చూపిస్తే, అది తప్పనిసరి అనీ అంతకన్నా తేలికైన దారి లేదనీ ఊరే నిరూపించుకోవాలి.

మన హాలు విస్తరణ హియరింగుకి నేను ఈ చట్టం ప్రింటు తీసుకునే వెళ్ళాను. పక్కింటావిడ దీపావళి రాత్రి తన డ్రైవ్‌వేకి అడ్డంగా ఆపిన కార్ల ఫోటోలు తెచ్చారు. ఆవిడకి మన మీద కోపమేమీ లేదు, ఆ రాత్రి కారు బయటికి తీయలేకపోయారు, అంతే. నా ప్రింటు ఫైల్లోనే ఉండిపోయింది. ఆర్లూపా జోనింగ్ నుంచి మినహాయింపు ఇవ్వదు, పార్కింగ్ లెక్క మనమే చూపించాలి.

రెండో హియరింగు ఉగాది తరవాత. అందుకే ఈసారి పండగకి స్కూలు పార్కింగ్ నుంచి షటిల్ బస్సు నడుపుతున్నాం. కార్లు అక్కడే ఆపండి. పార్కింగ్ డ్యూటీకి ఇంకా నలుగురు కావాలి. పేర్లు రాసే కాగితం చెప్పుల స్టాండు పక్కన ఉంది.