పదహారు గంటల చదువు కాలేజీలో అక్కరకు రాదు

ఇంటర్ రెండేళ్లు కష్టపడితే చాలు, ఆ తర్వాత అంతా సుఖమేనని మన ఇళ్లలో పిల్లలకు నూరిపోస్తారు. ఏఎస్ పేట, ఆత్మకూరు, ఉదయగిరి వైపు నుంచి నెల్లూరు హాస్టళ్లలో చేరే పిల్లలు ఆ మాట నమ్మే రెండేళ్లు పళ్ల బిగువున గడుపుతారు. అక్కడ తెల్లారకముందే లేపేది వార్డెను, స్టడీ అవర్‌లో కూర్చోబెట్టేది వార్డెను, ఏ రోజు ఏ చాప్టరు చదవాలో చెప్పేది కాలేజీ. తన రోజును తాను నడుపుకునే అవకాశం పిల్లవాడికి ఒక్కనాడూ రాదు. డిగ్రీలోనో బీటెక్‌లోనో చేరగానే ఆ అదిలింపు ఒక్కసారిగా ఆగిపోతుంది. మొదటి సెమిస్టర్‌లో సబ్జెక్టులు పోయేది చాలావరకు ఇందుకే. దాన్ని పొగరనో, తెలివితక్కువతనమనో తిట్టడం అన్యాయం.

అలాగని మళ్లీ హాస్టల్లోలా పదహారు గంటలు కూర్చోబెట్టడం మందు కాదు. ఎన్ని గంటలు చదివారన్నదాని కంటే ఎలా చదివారన్నదే ముఖ్యం. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు, మరికొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే చూడకుండా రాసినవాళ్లు ముందున్నారు. మన పిల్లలు చేయాల్సిందీ అదే. క్లాసు జరిగిన సాయంత్రమే నోట్సు మూసి, తెల్లకాగితం మీద ఆ పాఠం సొంతంగా రాయాలి. సీ ప్రోగ్రామింగ్ అయితే లూప్ ప్రోగ్రామును పక్కవాడి రికార్డు చూసి ఎక్కించకుండా, ఖాళీ స్క్రీన్ మీద టైపు చేసి, తప్పు ఎక్కడొచ్చిందో వెతకాలి. సబ్జెక్టుకు ఇరవై నిమిషాలు చాలు, కానీ ఆ పని మొదటి వారం నుంచే మొదలవ్వాలి.

సెమిస్టర్ మధ్యలో వచ్చే మిడ్ పరీక్షకు ముందు రోజు జిరాక్స్ షాపులో ఇంపార్టెంట్లు కొని చదివి పాసైనవాళ్లు బోలెడంత మంది లేరా అంటారు. ఉన్నారు. అందుకు మార్కుల పద్ధతి కూడా ఒక కారణం. నెల్లూరు జిల్లాలోని ఇంజనీరింగ్ కాలేజీలు ఎక్కువగా జేఎన్‌టీయూ అనంతపురం కిందివి. అక్కడ ఇంటర్నల్స్‌కు 30, చివరి పరీక్షకు 70 మార్కులు. రెండు మిడ్స్‌లో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం వెయిటేజీ ఇస్తారు. దాంతో మొదటి మిడ్ పోయినా రెండోదాంట్లో లాగేయొచ్చని పిల్లలు ధీమాగా ఉంటారు. మార్కులు లాగొచ్చు, పాఠాలు లాగలేరు. మొదటి మిడ్‌లో వదిలేసిన యూనిట్లన్నీ 70 మార్కుల పేపర్లో ఎదురవుతాయి. సీ రానివాడికి తర్వాత డేటా స్ట్రక్చర్స్ మింగుడుపడదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. మొదటి సెమిస్టర్ సిలబస్ సగం కాకముందే పిల్లల్ని అమీర్‌పేట తరహా సాఫ్ట్‌వేర్ కోర్సులకో, గ్రూప్స్, బ్యాంకు కోచింగులకో తోలుతున్నారు. అప్పు చేసి కట్టిన ఆ ఫీజుతో పాటు సాయంత్రాలూ పోతాయి, క్లాసు పాఠాలు పేరుకుపోతాయి. లెక్కలు, ఇంగ్లీషు, ఒక ప్రోగ్రామింగ్ భాష కాలేజీలోనే గట్టిపడితే ఆ కోచింగులు చివరి ఏడాదిలో సగం శ్రమతో పూర్తవుతాయి. ముందు కాలేజీ చదువు నిలబడాలి, కోచింగు సంగతి తర్వాత.

మనం వదిలేస్తే వాళ్లు ఫోన్లోనే మునిగిపోతారన్న తల్లిదండ్రుల భయం నిజమైనదే. పైగా ఏఎస్ పేట నుంచి రోజూ నెల్లూరు వెళ్లొచ్చే పిల్లలకు బస్సులోనే మూడు గంటలు పోతాయి. ఇంటికొచ్చేసరికి ఒళ్లు అలిసి, చెయ్యి ఫోను మీదికే వెళ్తుంది. అందుకే పొద్దున బస్సులో నిన్నటి పాఠాన్ని పుస్తకం తెరవకుండా గుర్తుచేసుకోవాలి, రాసే పని రాత్రి అన్నానికి ముందే ముగించాలి, ఆ కాసేపు ఫోను వేరే గదిలో పెట్టాలి. ఇక అమ్మానాన్నలు "ఎన్ని గంటలు చదివావు" అని అడగడం మానేసి, "ఈ రోజు ఏం చెప్పారో నాకు చెప్పమ్మా" అని అడగండి. మీకు ఆ సబ్జెక్టు తెలియక్కర్లేదు. చెబుతూ చెబుతూ ఎక్కడ ఆగిపోయారో పిల్లలకే తెలుస్తుంది, ఆ రాత్రి ఏ పేజీ తెరవాలో కూడా.