ఫిల్టరు మార్చే డబ్బు ఎవరిది?

సందేహాలు – సమాధానాలు
(బస్తీ సంఘాలు, చిన్న గ్రాంట్ల మీద ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ హైదరాబాద్‌లోని మలక్‌పేట చుట్టుపక్కలవే.)

మాది మూసారాంబాగ్ వైపు, మూసీకి దగ్గర బస్తీ. పొదుపు సంఘం నడుపుతున్నాం. మంచినీళ్ల ప్లాంటు పెట్టించమని ఒక సేవా క్లబ్బును అడిగితే, "మూడేళ్ల తర్వాత దాన్ని ఎవరు నడుపుతారు?" అన్నారు. ఇవ్వడం ఇష్టంలేక చెప్పే సాకేనా ఇది?
– సంఘం లీడరు

సాకు కాదమ్మా. ఆ ప్రశ్న వేశారంటే మీ కాగితం చదివారన్నమాట. చిన్న గ్రాంటు వస్తువు కొనిపెడుతుంది గానీ దాన్ని నడపదు. జపాన్ ప్రభుత్వం 1989 నుంచి తన రాయబార కార్యాలయాల ద్వారా పేద దేశాల్లోని స్థానిక సంస్థలకు చిన్న గ్రాంట్లు ఇస్తోంది.  బడి గదులకూ బోర్లకూ యంత్రాలకూ ఇస్తారు. జీతాలు, కరెంటు బిల్లులు మాత్రం మీరే చూసుకోవాలంటారు. మిగతా చాలామంది దాతలదీ ఇంచుమించు అదే పద్ధతి.

అందుకని ముందు లెక్క వేయండి. ఉదాహరణకు క్యాను 5 రూపాయలు, రోజుకు 60 క్యాన్లు అనుకుందాం. నెలకు 9 వేలు వస్తాయి. ప్లాంటు చూసుకునే మనిషికి 6 వేలు ఇచ్చారంటే మిగిలేది 3 వేలు. కరెంటు, క్యాట్రిడ్జులు పోను, అసలు ఫిల్టరు అయిన మెంబ్రేన్ మార్చాల్సిన రోజుకు డబ్బాలో ఏమీ ఉండదు. అదే క్యాను 7 రూపాయలైతే నెలకు 12,600 వస్తుంది. ఆ పైన వచ్చే 3,600 ముట్టుకోకుండా వేరే బ్యాంకు ఖాతాలో వేస్తామని తీర్మానం రాసి, అందరూ సంతకాలు పెట్టి, దరఖాస్తుకు జత చేయండి. క్లబ్బువాళ్ల ప్రశ్నకు అదే జవాబు.

ఇంకో రెండు సంగతులు మీ ఉత్తరంలో లేవు కాబట్టి నేనే అడుగుతున్నాను. జలమండలి నల్లా ఉందా? నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం వచ్చాక కూడా మీ గల్లీకి నీళ్లు సరిగ్గా రావడం లేదంటే, మీకు కావలసింది ప్లాంటు కాకపోవచ్చు. జలమండలి మీద గట్టిగా ఒత్తిడి తేవడానికి పైసా గ్రాంటు అక్కర్లేదు. రెండోది జాగా. 2020 అక్టోబరు వరదల్లో మూసీ ఒడ్డు బస్తీల్లోకి నీళ్లెలా వచ్చాయో మీకు నేను చెప్పక్కర్లేదు. 2024లో మూసీ సుందరీకరణ ప్రాజెక్టు కోసం శంకర్‌నగర్, మూసానగర్ ఇళ్లకు కూల్చివేత మార్కింగ్ వేశారు. చాలా కుటుంబాలు ప్రభుత్వ డబుల్ బెడ్‌రూం ఇళ్లకు వెళ్లాయి. అలాంటి చోట సిమెంటు పనికి ఏ దాతా డబ్బు పెట్టడు, పెట్టకూడదు కూడా. కుట్టు మిషన్లు, తోపుడు బండ్లు, పిల్లల పుస్తకాలు అడగండి. రేపు ఇల్లు మారినా అవి మీతో వస్తాయి.

మా తమ్ముడి కొడుకు డాలస్‌లో ఉంటాడు. మా కాలనీ సంఘం లైబ్రరీకి 3 వేల డాలర్లు, పది పాత ల్యాప్‌టాప్‌లు పంపిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?
– అక్బర్‌బాగ్ పాఠకుడు

అబ్బాయి పాస్‌పోర్టు ఏ దేశానిది? ఇప్పటికీ భారత పాస్‌పోర్టే అయితే, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) దృష్టిలో విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు కాపీ ఒకటి తెప్పించుకుని రసీదుతో కలిపి ఫైల్లో పెట్టండి, చాలు.

అమెరికా పౌరసత్వం తీసుకున్నాడా, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. సెలవులకు ఇంటికొచ్చి మీ చేతిలో రూపాయల్లో పెట్టినా అంతే. అప్పుడు మీ సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. దానికి సంఘం మూడేళ్ల పాతదై ఉండాలి, ఆ మూడేళ్లలో సేవా పనుల మీద కనీసం 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. కాలనీ లైబ్రరీకి ఎక్కడిది అంత! లేదంటే ఫలానా దాత, ఫలానా మొత్తం, ఫలానా పని అని చెప్పి కేంద్ర హోంశాఖ దగ్గర ముందస్తు అనుమతి తీసుకోవాలి. డబ్బు దిగేది మాత్రం ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే. మలక్‌పేట బ్రాంచిలో కాదు. ల్యాప్‌టాప్‌లు వస్తువులే కదా అనుకోకండి, సంఘానికి ఇచ్చే వస్తువులు కూడా విరాళం కిందికే వస్తాయి.

"తెలిసిన పెద్ద సంస్థ ద్వారా మళ్లించుకుంటే?" అని కింద రాశారు. 2020 సెప్టెంబరు సవరణతో ఆ దారి మూసేశారు. విదేశీ సొమ్ము తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. ఆ సంస్థే మీ లైబ్రరీలో తన కార్యక్రమం తానే నడిపి, తన పుస్తకాల్లోనే ఖర్చు రాసుకుంటే అది వేరే సంగతి. మేనల్లుడో తమ్ముడి కొడుకో మీ సొంత ఖాతాకు పంపించడం, మీరు తీసి సంఘానికి ఇవ్వడం – చాలామంది చేస్తున్నారని తెలుసు. మీరు చేయకండి. 3 వేల డాలర్ల కోసం కేసుల పాలు కావడం ఎందుకు?

రెండు లక్షలు "ప్రాసెసింగ్" కడితే జర్మనీ నుంచి 50 లక్షల గ్రాంటు తెప్పిస్తానని ఒకాయన తిరుగుతున్నాడు. నమ్మవచ్చా?
– ఓల్డ్ మలక్‌పేట యువకుడు

నమ్మవద్దు. ఇచ్చేవాడు ముందు పుచ్చుకోడు. ఆయన చూపించే లెటర్‌హెడ్ మీద ఉన్న చిరునామా వదిలేసి, ఆ సంస్థ చిరునామా మీరే వెతికి పట్టుకుని రాయండి. నిజం అక్కడే తేలుతుంది.

రిటైరైన టీచర్ని. మా చిన్నప్పుడు కూడా బస్తీల్లో విదేశీ సాయంతో ఏవేవో పనులు జరిగేవి. వాటిలో మిగిలిందేమైనా ఉందా?
– సైదాబాద్

మాస్టారూ, మీరు చూసింది 1967లో హైదరాబాద్ కార్పొరేషన్ మొదలుపెట్టిన అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ (యూసీడీ) ప్రాజెక్టు అయి ఉంటుంది. తర్వాత యూనిసెఫ్ తోడైంది. 1980ల్లో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో బస్తీల అభివృద్ధి పనులు జరిగాయి. ముందు బస్తీవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడటం, వాళ్లతోనే మహిళా మండళ్లు, బాల్వాడీలు, కుట్టు సెంటర్లు పెట్టించడం యూసీడీ పద్ధతి. జీహెచ్‌ఎంసీలో యూసీడీ విభాగం ఇవాళ్టికీ ఉంది. సీసీ గల్లీలు, డ్రైనేజీ లైన్లు మిగిలాయి, ఎందుకంటే వాటిని కార్పొరేషన్ తన నెత్తిన వేసుకుంది. కమ్యూనిటీ హాళ్ల సంగతి అడగకండి. సగం చోట్ల తాళం, చెవి ఏ లీడరింట్లోనో. హాలు కట్టించమని రాసే సంఘాలను నేను ముందుగా అడిగేది ఆ చెవి గురించే.

బాగా నిలిచిన ఉదాహరణ కావాలంటే సిటీ దాటి కర్నూలు జిల్లా ఓర్వకల్లు వెళ్లాలి. 1990ల్లో ఐక్యరాజ్యసమితి సంస్థ యూఎన్‌డీపీ అక్కడి మహిళా సంఘాలకు చేయూతనిచ్చింది. ఆ ప్రాజెక్టు గడువు ముగిసినా సంఘాలు ఆగలేదు, మండల సమాఖ్య సొంతంగా బడి కూడా నడుపుతోంది. అక్కడి ఆడవాళ్లకు గ్రాంటు కంటే ముందే పొదుపు అలవాటు ఉంది. బయటి డబ్బు ఉన్నదానికి కలిసింది.

సంఘం రిజిస్టర్ చేయించాలి. ఏమేం కావాలి? దరఖాస్తులు ఇంగ్లీషులోనే రాయాలా?
– చాదర్‌ఘాట్ మహిళలు

కనీసం ఏడుగురు సభ్యులు, నియమావళి, 2001 సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషన్. తర్వాత పాన్, బ్యాంకు ఖాతా, నీతి ఆయోగ్ వారి దర్పణ్ నంబరు, ఆదాయపు పన్నువారి 12ఏబీ (సంఘానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు). కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్సార్) డబ్బు కావాలంటే సీఎస్సార్–1 ఫారం కూడా. మొదటి ఏడాది ఇవన్నీ ఒక్కసారే నెత్తిన పెట్టుకోకండి. పాన్, ఖాతా అయ్యాక క్యాష్ బుక్కు రాయడం మొదలుపెట్టండి.

ఇంగ్లీషు రాయించుకోవచ్చు, ఇంటర్ చదివే పిల్లలున్నారు. వోచర్లు మాత్రం మీరే రాయాలి. టీ ఖర్చుకు కూడా తేదీ, సంతకం ఉండాలి. 80జీ వచ్చాక ఎవరైనా 2 వేలకు మించి నగదు ఇస్తామంటే చెక్కో యూపీఐయో అడగండి, నగదైతే వాళ్లకు పన్ను మినహాయింపు రాదు.