న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ - ఏది పెద్ద నగరం?

మేమిద్దరం ఈ హాస్టల్లో పక్కపక్కనే ట్రంకు పెట్టెలు పెట్టుకొని పదో తరగతి దాకా చదివినవాళ్ళం. పై చదువులకు మాలో ఒకరం న్యూయార్క్ వెళ్ళాం, ఒకరం లాస్ ఏంజెలెస్ వెళ్ళాం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు, మా మధ్య ఏళ్ళ తరబడి తెగని వాదననే తమ్ముళ్ళకు ఒక పాఠంగా రాద్దామనుకున్నాం. ఆ రెండింటిలో ఏది నిజంగా పెద్ద నగరం?

సాంఘికశాస్త్రం పరీక్షలో అయితే ఇది ఒక మార్కు ప్రశ్న. 2020 జనాభా లెక్కల ప్రకారం న్యూయార్క్ నగర జనాభా 88 లక్షలు, లాస్ ఏంజెలెస్ జనాభా 39 లక్షలు. విస్తీర్ణం అడిగితే మాత్రం జవాబు తిరగబడుతుంది. న్యూయార్క్ సుమారు 780 చదరపు కిలోమీటర్లు ఉంటే, లాస్ ఏంజెలెస్ 1,200 పైన ఉంది. కాబట్టి చదరపు కిలోమీటరుకు న్యూయార్క్‌లో 11 వేల మందికి పైగా, లాస్ ఏంజెలెస్‌లో 3,200 మంది ఉంటారన్నమాట.

ఇక్కడితో ఆపితే మార్కు వస్తుంది గానీ విషయం బోధపడదు. నగరపాలక సంస్థ హద్దు కాగితం మీద గీత మాత్రమే. ఇళ్ళు, రోడ్లు ఆ గీత దగ్గర ఆగవు. అందుకే అమెరికా జనగణన శాఖ ఊరు తెగకుండా సాగినంత మేర కలిపి 'పట్టణ ప్రాంతం'గా లెక్కిస్తుంది. 2020లో ఆ లెక్కన చదరపు కిలోమీటరుకు న్యూయార్క్ ప్రాంతంలో సుమారు 2,300 మంది, లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో సుమారు 2,900 మంది తేలారు. ఎక్కువ కిక్కిరిసింది లాస్ ఏంజెలెస్సే! మాలో న్యూయార్క్ పక్షం వహించినవారు ఈ అంకె చూసి రెండు రోజులు మాట్లాడలేదు.

కారణం కష్టమైనదేమీ కాదు. న్యూయార్క్ కళ్ళంలో రాశి పోసిన ధాన్యం లాంటిది. నడుమ మన్‌హటన్ దీవిలో ఎత్తుగా కుప్ప, చుట్టూ చెదిరిన గింజలు. న్యూజెర్సీ, కనెక్టికట్ శివార్లలో పెద్ద పెద్ద స్థలాల్లో, చెట్ల మధ్య దూరదూరంగా ఇళ్ళుంటాయి. లాస్ ఏంజెలెస్ ఆరబోసిన ధాన్యం. ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం. ఆ మధ్యలో చిన్న చిన్న స్థలాల్లో ఇళ్ళు ఎంత దూరం పోయినా దాదాపు ఒకే మందంగా పరుచుకొని ఉంటాయి.

అయితే కళ్ళు జనగణన పట్టికలు చూడవు. కొత్తగా దిగినవాడు లాస్ ఏంజెలెస్‌ను చూసి "ఇదేనా మహానగరం?" అంటాడు. దానికి చరిత్ర ఉంది. అక్కడ 1950ల దాకా కట్టడాలు 150 అడుగులు, అంటే సుమారు 45 మీటర్లు దాటకూడదని నిబంధన ఉండేది. 1928లో కట్టిన సిటీ హాలుకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. న్యూయార్క్‌లోనేమో 1931 నాటికే 102 అంతస్తుల ఎంపైర్ స్టేట్ భవనం లేచింది.

రవాణా సంగతీ అంతే. న్యూయార్క్‌లో భూగర్భ రైలు 1904లో మొదలయింది. 1913లో డాక్టర్ అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరేనాటికి, దాని ముందే 116వ వీధిలో స్టేషన్ ఉంది. ఎంత దూరం పోయినా టికెట్టు 5 సెంట్లే. అప్పుడు మన్‌హటన్ ఇప్పటికన్నా ఇరుకు: 1910లో 59 చదరపు కిలోమీటర్లలో 23 లక్షల మంది, 2020లో 17 లక్షల మంది. లాస్ ఏంజెలెస్‌లోనూ రైళ్ళు లేకపోలేదు. 'రెడ్ కార్లు' అనే విద్యుత్ రైళ్ళకు ఒకప్పుడు సుమారు 1,600 కిలోమీటర్ల పట్టాలుండేవి. ఊరు అంత వెడల్పుగా పరుచుకున్నది ఆ పట్టాల వెంటే. తరువాత కార్లు, పెద్ద రహదారులు వచ్చాయి. 1961లో చివరి రెడ్ కారు ఆగిపోయింది. పరుచుకున్న ఊరు మిగిలింది, రైలు పోయింది.

దీని అర్థం చేతిలో డబ్బు లేనివాడికే బాగా తెలుస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో మొదటి నాలుగు నెలలు మాకు కారు లేదు. గది నుంచి కాలేజీకి 18 కిలోమీటర్లు. రెండు బస్సులు మారాలి, గంటన్నర పట్టేది. ఒక రాత్రి తరగతి ఆలస్యమై బస్సు తప్పిపోయింది. ఇంకొకటి గంట తరువాత గానీ లేదు. బల్ల మీద మాతో పాటు ఆఫీసులు ఊడ్చే ఒక పెద్దామె, ఒక హోటల్ వంటమనిషి కూర్చున్నారు. ఎదురుగా కార్లు పోతూనే ఉన్నాయి. ఆ నగరం ఎంత పెద్దదో ఆ గంటలో తెలిసినంతగా ఏ పటం చూసినా తెలియలేదు.

న్యూయార్క్‌లో ఆ బాధ లేదు. సగానికి పైగా కుటుంబాలకు అసలు కారే ఉండదు, రైళ్ళు రాత్రంతా నడుస్తాయి. అర్ధరాత్రి ఒంటిగంటకు దిగినా వీధిలో మనుషులుంటారు. అందుకే అక్కడ నగరం పక్కనే ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ అద్దె మాటెత్తకూడదు. ఒక గదిలో నలుగురం ఉన్నాం, హాస్టల్ రోజులే గుర్తొచ్చాయి. పైగా చాలా స్టేషన్లలో లిఫ్టు లేదు. చంటిబిడ్డ బండిని ఎత్తుకొని మెట్లెక్కే తల్లులను రోజూ చూసేవాళ్ళం. అలాంటివారికి ఆ రైలు ఉన్నా లేనట్టే.

లాస్ ఏంజెలెస్ 1990 నుంచి మళ్ళీ పట్టాలు వేస్తోంది. మొదట వేసిన లాంగ్ బీచ్ లైను ఆ పాత రెడ్ కారు పోయిన దారినే పోతుంది. మాలో అక్కడున్నవారు ఈమధ్య ఆ లైనుకు నడిచివెళ్ళేంత దగ్గరలో ఇల్లు తీసుకున్నారు. కారు మాత్రం ఇంకా అమ్మలేదు.