ఈ-పుస్తకంలో ప్రోగ్రాము: ఖాళీజాగా సంగతి

మన రుషికొండ హాస్టలు గదుల్లో ప్రోగ్రామింగు పుస్తకం అట్టతో సహా కనబడడం అరుదైపోయింది. చదువంతా సెల్‌ఫోనులోనే. అందుచేత ఈ చిన్న విషయం విద్యార్థి మిత్రులతో ముచ్చటించాలనిపించింది.

పోయిన ఏడాది నేనొక ఈ-పుస్తకం చూసి పైథాన్‌లో ప్రోగ్రాము కొట్టాను. అయిదు సబ్జెక్టుల మార్కులు కూడి మొత్తం చెప్పాలి. 40, 55, 60, 70, 75 ఇస్తే 300 రావాలి గదా? 40 వచ్చింది! తప్పుందని యంత్రం ఒక్క మాట అనలేదు. అర్ధరాత్రి దాకా కుస్తీ పట్టి, చివరికి ఒక సీనియరు అన్నయ్య దగ్గరున్న అచ్చుప్రతితో పోల్చి చూస్తే గుట్టు తెలిసింది. 'రిటర్న్' అనే పంక్తి నాలుగు ఖాళీలు కుడికి జరిగింది. అచ్చులో సరిగ్గా అక్కడ పుట మారింది. ఈ-పుస్తకంగా మార్చినవారు దాన్ని పై పంక్తికి సమంగా పెట్టేశారు. దాంతో అది లూపు లోపలికి పోయి, మొదటి మార్కు కూడగానే జవాబిచ్చి బయటపడింది.

కథలో పేరాకు ముందు ఖాళీ పోతే అందం తగ్గుతుంది, అంతే. సి భాషలోనైతే ఫ్లవర్ బ్రాకెట్లు కాపాడతాయి. 1991లో గైడో వాన్ రోసమ్ విడుదల చేసిన పైథాన్‌లో మాత్రం ఖాళీయే వ్యాకరణం. ఇదేమీ కొత్త చాదస్తం కాదు. కార్డులు గుద్దే రోజుల్లో ఫోర్‌ట్రాన్ వాక్యం 7వ గడి నుంచి 72వ గడి లోపలే ఉండాలి. 6వ గడిలో సున్నా కాక మరే గుర్తు పడినా అది పై వాక్యానికి కొనసాగింపే!

ఈ-పబ్ పుస్తకం లోపల ఉండేది వెబ్ పేజీల్లో వాడే హెచ్.టి.ఎం.ఎల్. వరసగా ఎన్ని ఖాళీలున్నా ఒక్కటిగా చూపడం దాని అలవాటు. ఉన్నది ఉన్నట్టుంచమని చెప్పేది 'ప్రీ' అనే ట్యాగు. ప్రోగ్రామును అందులో పెట్టి, అన్ని అక్షరాలకూ ఒకే వెడల్పుండే ఫాంటు ఇవ్వాలి. కొందరు అలా చేయక, యూనికోడ్‌లో 160వ సంఖ్య గల 'విడిపోని ఖాళీ'తో పంక్తుల్ని జరుపుతారు. కంటికి బాగానే ఉంటుంది; కాపీ చేసి నడిపితే పైథాన్ ఒప్పుకోదు. కొటేషన్ గుర్తులదీ ఇదే గొడవ. ప్రోగ్రాముకు కావలసింది 34వ సంఖ్య గల నిటారు గుర్తు. వర్డ్ ప్రాసెసరు ముచ్చటపడి వంపు తిప్పితే అది 8220 అయి కూర్చుంటుంది.

పైథాన్ శైలి నియమం ప్రకారం పంక్తికి 79 అక్షరాల దాకా ఉండవచ్చు. నిలువుగా పట్టుకున్న ఫోనులో అందులో సగం పట్టడమే కష్టం. పంక్తి దానంతటది విరిగితే చదివేవాడు రెండు వాక్యాలనుకుంటాడు. రచయితే బ్రాకెట్ల మధ్య, అర్థం చెడని చోట విరవడం నయం.

ఈ బాధంతా ఎందుకని ప్రోగ్రామును ఫోటో తీసి అతికించేవారున్నారు. నాకిది సుతరామూ నచ్చదు. ఫోటోలోంచి నేరుగా కాపీ చేయలేం, పెద్దది చేస్తే మసక. చూపులేని మిత్రుడికి చదివి వినిపించే స్క్రీన్ రీడరు చాలాసార్లు "బొమ్మ" అని చెప్పి ఊరుకుంటుంది. అతనూ మనలాగే ప్రాక్టికల్ పరీక్ష రాయాలి గదా!

తెలుగు పుస్తకాలకు మరో చిక్కుంది. డీటీపీలో వాడిన అను వంటి పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల మీదనే తెలుగు ముక్కల్ని కూర్చాయి. అటువంటి పుస్తకాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాధనానికి గంపగుత్తగా అప్పజెబితే, ప్రోగ్రామును కూడా తెలుగే అనుకుని అర్థంలేని గుణింతాలు చేసిపెడుతుంది. ప్రోగ్రాము భాగాల్ని ముందే గుర్తు పెట్టి పక్కన ఉంచాలి. తెలుగులో రాసే వ్యాఖ్యల్ని కూడా పంక్తి చివర కాక, పైన విడి పంక్తిలో రాయాలి. 'ర'కూ 'క్ష్మి'కీ ఒకే వెడల్పు ఎలా కుదురుతుంది?

అన్నీ అయ్యాక రచయిత ఫైలులోది కాక, తయారైన ఈ-పుస్తకంలోంచే ఒక్కొక్క ప్రోగ్రామూ కాపీ చేసి నడిపి చూడాలి. ఆ పని ఒక్కరు చేసి ఉంటే నా 300 నాకు మొదటిసారే వచ్చేది.