కోచ్ కావాలంటే పతకాలు ఉండాలా?

ఖానాపూర్, కడెం వైపు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ బాగా ఆడే పిల్లలకు కొదవ లేదు. జిల్లా జట్టు దాటి పైకి పోలేకపోతే మాత్రం, డిగ్రీలో చేరేసరికి ఆటతో ఇక పని లేదనుకుని బూట్లు మూలన పడేస్తారు. ఆడడం ఒక విద్య, ఆడించడం మరో విద్య. ఈ రెండోదానికి పతకాల కన్నా, ఒక పెద్ద కోచ్ చేతికింద ఓపికగా పని నేర్చుకున్న ఏళ్లే ఎక్కువ అక్కరకొస్తాయి. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్‌కు (కోలబంతితో, చేతులతో ఆడే ఆట అది) పేరుమోసిన కోచ్ నిక్ సేబన్ ప్రొఫెషనల్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 1973లో తాను చదివిన కెంట్ స్టేట్ యూనివర్సిటీలోనే సహాయకుడిగా చేరారు. ప్రధాన కోచ్ కుర్చీ దక్కింది 1990లో. 2024 జనవరిలో తప్పుకునేనాటికి ఆయన ఖాతాలో ఏడు జాతీయ టైటిళ్లు ఉన్నాయి.

అంత దూరం దేనికి, హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, 1950లో సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టును చేతిలోకి తీసుకున్నారు. ఆ జట్టు వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951, 1962 ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్ జట్టుకు స్వర్ణాలు వచ్చింది ఆయన శిక్షణలోనే. 1962లో జకార్తాలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని పక్కన కూర్చోబెట్టకుండా ఫార్వర్డ్‌గా దించారు. దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన ఫైనల్లో ఒక గోల్ జర్నైల్‌దే. ఏ ఆటగాడిలో ఇంకేం దాగుందో పసిగట్టే ఆ చూపు పతకాలతో రాదు, రోజూ గ్రౌండ్‌లో పిల్లలను గమనిస్తే వస్తుంది.

అమెరికాలో డబ్బుంది, ఇక్కడ ఉద్యోగాలేవి అంటారు. కొట్టిపారేయలేని మాట. సర్కారు బడుల్లో పీఈటీ పోస్టులు ఎప్పుడో డీఎస్సీ పడితే గానీ రావు. అందుకే చదువు వదలొద్దు. ఇంటర్ తర్వాత డీపీఎడ్, డిగ్రీ తర్వాత బీపీఎడ్ ఉన్నాయి, రెండింటికీ పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. రాయడమంటే మైదానంలో పరుగెత్తి, దూకి, ఆడి చూపడమే. ఇవి వ్యాయామ ఉపాధ్యాయులను చేస్తాయి. కోచ్‌గా స్థిరపడాలంటే పటియాలలోని జాతీయ క్రీడా సంస్థ డిప్లొమాకు విలువ ఎక్కువ. పల్లెలో ఉంటే ఎవరు గుర్తిస్తారన్నది మరో సందేహం. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం గెలిచింది. ఆమె కోచ్ నాగపురి రమేష్ 2016లోనే ద్రోణాచార్య అవార్డు అందుకున్నారు. అలాంటి పిల్లలు మన ఆశ్రమ పాఠశాలల్లోనూ ఉన్నారు, వాళ్లను మొదట చూడాల్సింది అక్కడి గ్రౌండ్‌లో నిలబడ్డవాళ్లే. ఈ సాయంత్రం మీ పీఈటీ సారు దగ్గరికి పోయి, చిన్నపిల్లల వార్మప్ నేను చేయిస్తా సార్ అని అడగండి. వెంట ఒక నోట్‌బుక్ ఉంచుకోండి. ఏ పిల్ల ఎంతసేపటికి అలసిపోతోంది, ఏ పిల్లాడు ఎడమకాలు వాడడానికి జంకుతున్నాడు, రోజూ రాయండి.