ఇటలీ దేశపు వాగ్గేయకారుడు: స్వల్పసాధనముల సంగీతము

పదమును తానే రచించి, దానికి స్వరమును తానే కూర్చి, తానే పాడువానిని మన పెద్దలు వాగ్గేయకారుడనిరి. ఇటలీ దేశస్థులును ఇట్టివానికి "కంతౌతోరె" యని పేరిడిరి. కంతాంతె యనగా గాయకుడు, ఔతోరె యనగా రచయిత. ఈ రెండును కలిసి యొక సమాసమైనవి. 1960 ప్రాంతమున ఈ మాట అచ్చట వ్యాప్తికి వచ్చెను. ఆ కోవకు చెందిన యొక వర్తమాన గాయకుని కళ యెట్లు పెరిగినదో, అందు విద్యార్థులు గ్రహింపదగిన దేమో ఇచ్చట విచారింతము.

ఆయన పేరు ఎదోఆర్దో దేర్మె. 1989లో లాతీనా పట్టణమున జన్మించెను. లోకము ఆయనను "కల్కత్తా" యను మారుపేరుతో నెరుగును. అది మన దేశపు మహానగరము పేరైనను, పాటలు పుట్టినది మాత్రము ఇటలీ గడ్డమీదనే. లాతీనా రోమునకు దక్షిణమున నున్నది. చిత్తడినేలల నెండగట్టి 1932లో నెలకొల్పిన క్రొత్త పట్టణమది. రోము, ఫ్లోరెన్సు నగరములవలె దానికి ప్రాచీనవైభవము లేదు.

ఈ గాయకుని తొలిరచనలు "లో-ఫై" యను పద్ధతికి చెందినవి. ఆ పద్ధతి యెట్టిదో ముందుగా తెలిసికొనవలెను. పూర్వము పాటను ముద్రించుటకు పెద్ద స్టూడియోయు, వేతనము పుచ్చుకొను నిపుణులును కావలసియుండెను. 1979లో టాస్కమ్ సంస్థ "పోర్టాస్టూడియో" యను చిన్న యంత్రమును వెలువరించెను. దానిలో సామాన్యమైన క్యాసెట్ టేపుమీద నాలుగు ట్రాకులు, అనగా నాలుగు వేర్వేరు ధ్వనులు, ప్రక్కప్రక్కన ముద్రింపవచ్చును. అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో వెలువరించిన "నెబ్రాస్కా" సంపుటిని తన యింట ఈ యంత్రముమీదనే ముద్రించెను. అయిదవ ధ్వని కావలసినచో, మొదటి మూడింటిని నాలుగవ ట్రాకులోనికి కలిపి దింపి, ఖాళీయైన చోట మరల ముద్రింపవలెను. ఇట్లు దింపిన ప్రతి పర్యాయమును టేపు బుస హెచ్చును. ఒకమారు కలిసినవానిని విడదీయుటకు వీలులేదు. కావున ఏ వాద్యము అవసరమో, ఏది అనవసరమో పాటగాడు ముందుగనే నిర్ణయించుకొనవలెను. కంప్యూటర్లు వచ్చిన పిమ్మటను, ఇంటిలో స్వల్పపరికరములతో, కరకుదనమును దిద్దక ముద్రించు పద్ధతికి ఈ పేరే నిలిచినది.

కల్కత్తా మొదటి సంపుటి "ఫోర్సె" 2012లో వెలువడెను. ఆ మాటకు "బహుశా" యని యర్థము. దాని చివర మూడు చుక్కలు కూడ కలవు. తొలియడుగు వేయువాని సంకోచము పేరులోనే తోచును. 2013లో వచ్చిన "ది సబౌదియన్ టేప్" అను దాని పేరున లాతీనా సమీపమందలి సబౌదియా పట్టణమును, టేపును రెండును కలవు. 2015లో "బోంబా దిస్కి" యను స్వతంత్రసంస్థ "మెయిన్ స్ట్రీమ్" అను సంపుటిని ప్రకటించెను. జనబాహుళ్యము నడచు ప్రధానమార్గమని ఆ మాటకు భావము. అంతగా పేరెరుగని గాయకుడు తన పాటల కట్టి పేరిడుట యొక చమత్కారము. కాని ఆ పాటలు దేశమంతట వ్యాపించుటచే చమత్కారమే నిజమయ్యెను.

ఇచ్చట నొక ప్రశ్న పుట్టును. పేదరికములో పుట్టిన కళ సాధనసంపద లభించిన పిమ్మట నిలుచునా? కరకుదనమే దాని సత్యమని నమ్మువారు, వాద్యములు పెరిగిన కొలది సత్యము తగ్గునని శంకింతురు. 2018లో వచ్చిన "ఎవర్ గ్రీన్" సంపుటి దీనికి సమాధానము. ఇందు వాద్యసమ్మేళనము విస్తరించెను, ముద్రణ నిర్మలమయ్యెను. కాని పాటల పేర్లను చూడుడు: ఒకటి "పారాచెతమోలో", అనగా జ్వరమునకు మ్రింగు మాత్ర, మరియొకటి "పెస్తో", అనగా ఆకులు నూరి చేయు పచ్చడి. ఇంకొకటి "హ్యూబ్నర్", దారియో హ్యూబ్నర్ అను ఫుట్‌బాల్ ఆటగాని పేరు. ఆయన పియాచెంజా యను చిన్న జట్టులో నుండియే 2001-02 పోటీలలో 24 గోలులు సాధించి, ఇటలీలోని ప్రథమశ్రేణి ఆటగాండ్రలో అగ్రస్థానమును మరియొకనితో సమముగా పొందెను. అప్పటికి వయస్సు ముప్పదియైదు. ఇట్టివాని పేరు పాటకు పెట్టుటయందే గాయకుని మనస్సు తేటపడుచున్నది. ఆ యేడే ఆయన వెరోనా నగరమున రోమీయులు కట్టిన పురాతన రంగస్థలమున పాడెను. 2023లో "రిలాక్స్" అను సంపుటి వెలువడెను. ఇన్నిట వాద్యములు మారినవి. నునుపుచేయని కంఠమును, నిత్యజీవితపు వస్తువులును మారలేదు.

కావున టేపు బుసలో సత్యము లేదు. కొద్దిపాటి సాధనములు ఆయనకు నేర్పినది ఎంపిక. అది అలవడిన పిమ్మట సాధనములు పెరిగినను హాని కలుగలేదు.

విద్యార్థులారా! నేడు సామాన్యమైన ఫోనులో సైతము ఆ నాలుగు ట్రాకుల యంత్రమునకు మించిన శక్తి కలదు. మంచి పరికరము దొరికిన పిమ్మట పాడెదము, వ్రాసెదము అని జాగుచేయుట తగదు. మన వీధిలోని మాటలతో, మన యింటిలోని వస్తువులతో ఒక చిన్న పదమును కూర్చి, దానికి అనవసరమైన దానిని విడువ నేర్చుకొందము. తక్కినది క్రమముగా వచ్చి చేరును.