ఎం.బి.ఏ. పట్టా: ఖర్చెంత, రాబడి ఎంత?

డిగ్రీ ఫలితాలు రాగానే మన ఇళ్లలో ఒకటే చర్చ మొదలవుతుంది. "ఇక ఎం.బి.ఏ. చేయిస్తే బాగుంటుందా?" శాఖకు వచ్చే ఖాతాదారులు అడిగేదీ ఇదే, మన సిబ్బంది కుటుంబాల్లో వినిపించేదీ ఇదే. అప్పు ఎంత దొరుకుతుందన్న ప్రశ్నకు జవాబు సులువు. ఆ చదువు ఆ అప్పును తీర్చగలదా అన్నదే అసలు ప్రశ్న. ఆ లెక్క ఎలా వేయాలో ఈ వ్యాసంలో చూద్దాం.

ఉదాహరణ బతు బస్తీదే తీసుకుందాం. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో ప్రతి 100 మందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగు. వారిలో చాలామంది పెద్దలు శ్రీకాకుళం వైపు నుంచి పని వెతుక్కుంటూ సముద్రం దాటి వచ్చినవారు. పోర్ట్ బ్లెయిర్ (2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయ పురం) పక్కనే ఉన్న బతు బస్తీలో ఇప్పుడు మూడో తరం చదువుకుంటోంది. డిగ్రీ వరకు ఇబ్బంది లేదు. 1967లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం ఊళ్లోనే ఉంది. ఆ పైన పూర్తికాల ఎం.బి.ఏ. అంటే మాత్రం చాలామంది చూపు విశాఖ, హైదరాబాద్, చెన్నైల వైపు వెళుతుంది. ఫీజుకు తోడు హాస్టలు, ఓడ లేదా విమానం ఖర్చు వచ్చి చేరతాయి.

మొదటి మెట్టు: పూర్తి ఖర్చు

బి.కాం. పూర్తిచేసిన ఒక అమ్మాయి ఉందనుకుందాం. పేరు సుజాత అనుకుందాం. ఇక్కడే ఒక సంస్థలో నెలకు 20,000 రూపాయల ఉద్యోగం దొరికే అవకాశం ఉంది. మెయిన్‌ల్యాండ్‌లో ఒక మధ్యస్థాయి ప్రైవేటు కళాశాలలో ఎం.బి.ఏ. సీటు కూడా వచ్చింది. కింది అంకెలన్నీ లెక్క తెలియడానికి ఊహించుకున్నవే. వాటి స్థానంలో మీ ఇంటి అంకెలు వేసుకోండి.

- రెండేళ్ల ఫీజు: 8 లక్షలు
- హాస్టలు, ప్రయాణాల అదనపు ఖర్చు: 3 లక్షలు
- రెండేళ్లు వదులుకున్న జీతం: 4.8 లక్షలు
- మొత్తం: 15.8 లక్షలు

చాలా ఇళ్లలో మూడో పద్దు లెక్కలోకే రాదు. "జీతం రాలేదు అంతే కదా, చేతి నుంచి పోయిందేముంది?" అంటారు. ఇంటికి రావలసిన డబ్బు రాకపోవడం కూడా ఖర్చే.

రెండో మెట్టు: జీతం కాదు, తేడా

చదువు పూర్తయ్యాక సుజాతకు 35,000 రూపాయల ఉద్యోగం వచ్చిందనుకుందాం. ఇంట్లో అందరికీ సంతోషమే. కానీ ఆ 35,000 అంతా పట్టా తెచ్చింది కాదు. ఇక్కడే పనిలో చేరి ఉంటే ఈ రెండేళ్లలో జీతం 24,000కి చేరి ఉండేది. కాబట్టి పట్టా తెచ్చిన రాబడి నెలకు 11,000 మాత్రమే.

ఇప్పుడు అప్పు వైపు చూద్దాం. 8 లక్షల రుణం నాలుగు సెమిస్టర్లలో రెండేసి లక్షల చొప్పున, 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. భారతీయ బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం చదువు కాలం, ఆపై ఒక ఏడాది మారటోరియం. ఆ కాలానికి సాధారణ వడ్డీ లెక్కన 1.8 లక్షలు చేరి, వాయిదాలు మొదలయ్యే నాటికి బాకీ 9.8 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలవారీ కిస్తీ సుమారు 12,950.

పట్టా తెచ్చిన తేడా 11,000. కిస్తీ 12,950. పైగా మెయిన్‌ల్యాండ్‌లో ఉద్యోగమంటే ఇంటి అద్దె వేరే. దూరపు కొండలు నునుపు అన్న సామెత ఇక్కడ అంకెల్లో కనిపిస్తుంది.

మూడో మెట్టు: రేపటి రూపాయి

"ఇరవై ఏళ్లు పనిచేస్తే నెలకు 11,000 చొప్పున 26.4 లక్షలు వస్తాయి కదా" అనవచ్చు. కానీ 10 శాతం వడ్డీ లెక్కన ఏడాది తర్వాత వచ్చే 110 రూపాయలు నేటి 100తో సమానం. ఈ పద్ధతిలో తగ్గించి చూస్తే ఆ 26.4 లక్షల నేటి విలువ సుమారు 11.2 లక్షలే. పెట్టిన ఖర్చు 15.8 లక్షలు. అంటే నష్టం.

ఇంతటితో ఆగిపోతే లెక్క సగమే వేసినట్టు. ఆ తేడా ఇరవై ఏళ్లూ 11,000 దగ్గరే నిలిచిపోకుండా ఏటా 5 శాతం చొప్పున పెరిగిందనుకుందాం. పదకొండో ఏట అది సుమారు 17,900 అవుతుంది. అప్పుడు మొత్తం నేటి విలువ సుమారు 16 లక్షలు. అంటే ఖర్చుకు ఖర్చు సరిపోయింది. చదువుకునే కాలపు వడ్డీ ఇందులో కలపలేదు. కలిపితే తక్కెడ కొంచెం నష్టం వైపే మొగ్గుతుంది.

ఈ లెక్క నేర్పేది ఒకటే. పట్టా విలువ మొదటి జీతంలో లేదు, ఆ తేడా ఏటేటా పెరుగుతుందా లేదా అన్నదానిలో ఉంది. అందుకే కళాశాల వారు చూపించే అత్యధిక ప్యాకేజీ మనకు అక్కరలేదు. తరగతిలో మధ్యన ఉన్న విద్యార్థికి ఎంత వచ్చిందో అడగండి. అయిదేళ్ల కిందట చదివినవారు ఇప్పుడు ఏ హోదాలో ఉన్నారో ఇద్దరు ముగ్గురితో మాట్లాడి తెలుసుకోండి.

ఇతర దారులు

ప్రవేశ పరీక్షలో మంచి స్థానం సాధించి 2015లో విశాఖపట్నంలో ఏర్పాటైన ఐ.ఐ.ఎం. లాంటి సంస్థలో సీటు తెచ్చుకుంటే ఫీజు ఎక్కువైనా జీతాల తేడా కూడా పెద్దదిగా ఉండే అవకాశం ఉంది. లెక్క పద్ధతి మాత్రం ఇదే.

ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో చదివితే మొత్తం ఖర్చు 75,000 అనుకుందాం. వదులుకునే జీతం లేదు. ఇరవై ఏళ్లకు నెలకు 750 రూపాయలు తేడా వచ్చినా గిట్టుబాటే. అయితే ఇందులో క్యాంపస్ నియామకాలు ఉండవు. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. బ్యాంకుల హెచ్.ఆర్., మార్కెటింగ్ స్పెషలిస్టు అధికారి పోస్టులకు రెండేళ్ల పూర్తికాల పీజీ అడుగుతారు. ప్రొబేషనరీ అధికారి పరీక్షకు ఏదైనా డిగ్రీ చాలు.

మన సిబ్బందికి దగ్గరి దారి మరొకటి ఉంది. జె.ఎ.ఐ.ఐ.బి. పాసైన గుమాస్తాకు ఒక ఇంక్రిమెంటు, సి.ఎ.ఐ.ఐ.బి.కి రెండు. అధికారులకు ఒక్కోదానికి ఒక్కటి. ఫీజు స్వల్పం, జీతం ఆగదు, ఇంక్రిమెంటు సర్వీసు పొడవునా వెంట వస్తుంది. నేను కూడా ఎం.బి.ఏ. చదివినవాణ్ణే. రుణ దరఖాస్తులోని బ్యాలెన్స్ షీటును పరిశీలించేటప్పుడు ఆ చదువు నాకు రోజూ పనికొస్తోంది. కానీ ప్రొబేషనరీ అధికారిగా చేరినప్పుడు నా పక్కన చేరిన బి.కాం. మిత్రుడి మూలవేతనం, నా మూలవేతనం ఒక్కటే.

అప్పు తీసుకునే ముందు

- నమూనా పథకంలో 7.5 లక్షలు దాటితే ఆస్తి హామీ అడుగుతారు. మన ఉదాహరణలో ఆ 50,000 కోసం ఇంటి కాగితాలో డిపాజిట్లో హామీగా పెట్టాలి. పొదుపులోంచి ఆ 50,000 సర్దగలిగితే ఇల్లు నిశ్చింతగా ఉంటుంది.
- 2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో జాబితాలోని విద్యాసంస్థలకు హామీ, పూచీ లేకుండా రుణం ఉంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండి, వేరే ఉపకారవేతనం పొందని అర్హులైన విద్యార్థులకు 10 లక్షల వరకు రుణంపై మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. మీరు చూస్తున్న కళాశాల ఆ జాబితాలో ఉందో లేదో ముందు చూడండి.
- చదువుకునే కాలంలోనే వడ్డీ కడుతూ వెళితే అసలు పెరగదు. పాత పన్ను విధానం ఎంచుకున్నవారికి ఈ వడ్డీపై 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80ఇ సెక్షను కింద ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు ఇచ్చారు.
- దీవుల్లో చదివిన పిల్లలు తెలుగు రాష్ట్రాల ఐసెట్ ప్రవేశాల్లో స్థానికేతరులుగా లెక్కకు రావచ్చు. సీటు, ఫీజు రాయితీల అర్హతను దరఖాస్తుకు ముందే నిర్ధారించుకోండి.

చదువుకు డబ్బుతో కొలవలేని విలువ ఉంది, నిజమే. ఆడపిల్ల ధైర్యంగా నలుగురిలో నిలబడటం, కొత్త ఊరిలో స్నేహాలు ఏర్పడటం ఏ పద్దులోనూ రాయలేం. కానీ అప్పుకు కిస్తీ ప్రతి నెలా అంకెల్లోనే వస్తుంది. ఈ ఆదివారం పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకుని ఒక తెల్లకాగితం మీద మూడు అంకెలు రాయండి: పూర్తి ఖర్చు, నెలవారీ తేడా, నెలవారీ కిస్తీ. రెండోది మూడోదాని కంటే తక్కువగా ఉంటే, ఆ తేడా ఎప్పటికి పెరుగుతుందో, అప్పటిదాకా కిస్తీ ఎవరు కడతారో కూడా అదే కాగితం మీద రాయండి. జవాబు దొరికితే ధైర్యంగా దరఖాస్తు ఇవ్వండి. దొరకకపోతే సీటు ఖరారు చేసే ముందు ఇంకో కళాశాల, ఇంకో దారి చూడండి.